పోటుకు ఎదురు పోటు: రక్తపోటు నడిచే తీరు, దాన్ని కొలిచే తీరు

రక్తం తాను పారే నాళం గోడల మీద మోపే ఒత్తిడే రక్తపోటు. బతికున్న ప్రతి మనిషికీ అది ఉంటుంది, ఉండి తీరాలి. అది లేకపోతే గుండెకు అడుగు పైచిలుకు ఎత్తున ఉన్న మెదడుకు రక్తం ఎక్కదు, మూత్రపిండాల్లో వడపోత సాగదు. 'ఆయనకు బీపీ ఉంది' అని ఊళ్లో అంటే బీపీ ఎక్కువగా ఉందని అర్థం. వాడుకలో జబ్బు పేరుగా స్థిరపడిపోయిన ఈ మాట నిజానికి ప్రాణం నిలిపే ఒక బలం పేరు.

తెలుగులో 'పోటు' అనే మాట సముద్రానికీ ఉంది, నొప్పికీ ఉంది. ఆటుపోటుల్లోని పోటు నీరు పొంగడాన్ని చెబుతుంది. ఆ అర్థంలో రక్తపోటు చక్కగా అతికిన మాట. ధమనిలో ఒత్తిడి గుండె కొట్టుకున్నప్పుడల్లా పొంగుతుంది, మళ్లీ తగ్గుతుంది. తలపోటు, పంటిపోటుల్లోని పోటు మాత్రం బాధ. జనం మనసులో ఈ రెండో అర్థమే ఎక్కువగా నాటుకుపోయింది. తల బరువెక్కినా కళ్లు తిరిగినా బీపీ పెరిగిందనుకుంటారు. ఏ బాధా లేకపోతే అంతా బాగుందనుకుని మాత్రలు మానేస్తారు. కానీ రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. తెలిసేసరికి గుండె కండరం మందమెక్కి, మూత్రపిండం దెబ్బతిని, మెదడులో నాళం పూడుకుపోయో చిట్లిపోయో ఉంటుంది. ముందే పసిగట్టడానికి కొలత ఒక్కటే దారి. అందుకే ఆ కొలత ఎలా పుట్టింది, ఎక్కడ తప్పుతుంది అన్నది వైద్యుడితో పాటు చేయి చాచి కూర్చునే మనిషికీ తెలియాలి.

రక్తపోటును పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. 120 అంటే, ఆ ఒత్తిడి నిలువు గాజు గొట్టంలో పాదరసాన్ని 120 మిల్లీమీటర్ల ఎత్తున నిలబెట్టగలదని. చూడటానికి జానెడు కూడా లేదు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి అదే ఒత్తిడి నీటిని 163 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే ఒక మనిషి ఎత్తుకు నెట్టగలదు. పెద్ద ధమని తెగితే రక్తం అంత దూరం ఎందుకు చిమ్ముతుందో ఈ లెక్క చెబుతుంది.

ఈ ఒత్తిడికి మూలం గుండె ఎడమ జఠరిక. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో అది ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి తోస్తుంది. నిమిషానికి 70 దెబ్బలంటే దాదాపు ఐదు లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న రక్తం మొత్తం నిమిషానికి ఒకసారి గుండె గుండా పోతుందన్నమాట. బోరింగు కొట్టేటప్పుడు నీళ్లు ఒక్కో ఊపుకు ఒక్కోసారి దూకుతాయి, చేయి ఆగితే ధార ఆగుతుంది. గుండె కూడా ఊపుల మీద నడిచే పంపే. జఠరిక సడలినప్పుడు దానిలోపలి ఒత్తిడి దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ క్షణంలోనూ బృహద్ధమనిలో ఒత్తిడి 80 దగ్గర నిలిచి ఉంటుంది, రక్తం ముందుకు పారుతూనే ఉంటుంది.

దీనికి కారణం బృహద్ధమని గోడ సాగే గుణం. గుండె తోసిన రక్తంలో కొంత వెంటనే ముందుకు పోతుంది, మిగతాది గోడను ఉబ్బించి అక్కడే నిలుస్తుంది. గుండె సడలి కవాటం మూసుకున్నాక ఉబ్బిన గోడ మెల్లగా ముడుచుకుంటూ దాచుకున్న రక్తాన్ని ముందుకు నెడుతుంది. పాతకాలపు అగ్నిమాపక పంపుల్లో ధార తెగకుండా ఉంచడానికి ఒక గాలి గది ఉండేది. దాని జర్మన్ పేరు విండ్‌కెస్సెల్. 1899లో ఒట్టో ఫ్రాంక్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త ఆ పోలిక తీసుకునే బృహద్ధమని పనికి గణితం కట్టాడు. ఊపు శిఖరాన ఉండే ఒత్తిడి పై అంకె, అంటే సిస్టోలిక్. మళ్లీ ఊపు అందుకునే ముందు మిగిలిన కనిష్ఠ ఒత్తిడి కింది అంకె, అంటే డయాస్టోలిక్. గుండె దెబ్బల మధ్య నాళాలు పట్టి ఉంచిన ఒత్తిడే కింది అంకె అని గుర్తుంచుకుంటే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి.

వయసు పైబడ్డవారిలో కనిపించే మార్పు అలాంటిదే. యాభై, అరవై దాటాక బృహద్ధమని గోడ బిరుసెక్కుతుంది. ఉబ్బి రక్తాన్ని దాచుకునే శక్తి తగ్గడంతో ఊపు పూర్తి బలంతో పైకి లేస్తుంది, దాచుకున్నది తక్కువ కాబట్టి ఆ తరవాత ఒత్తిడి త్వరగా జారిపోతుంది. పై అంకె 170, కింది అంకె 70 లాంటి కొలతలు పెద్దవాళ్లలో కనిపించేది అందుకే. 'కిందిది బాగానే ఉంది కదా' అని ఊరుకోవడం పెద్ద పొరపాటు. ఆ రెండు అంకెల మధ్య పెరిగిన దూరం బిరుసెక్కిన నాళానికి గుర్తు.

గుండె ఎంత తోసినా అవతల అడ్డు లేకపోతే ఒత్తిడి పుట్టదు. ఆ అడ్డు ముఖ్యంగా ధమనికల్లో ఉంటుంది. ధమనులు చీలి చీలి, కంటికి ఆనని సన్నపు నాళాలయ్యే చోట వాటి గోడల చుట్టూ కండరం ఉంటుంది. ఆ కండరం బిగిస్తే దారి ఇరుకవుతుంది, సడలిస్తే తెరుచుకుంటుంది. సన్నని గొట్టాల్లో ద్రవం పారే తీరును 1840ల్లో లెక్కగట్టిన ఫ్రెంచి వైద్యుడు పోయిజీ చెప్పిన సూత్రం ప్రకారం అడ్డు గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే అడ్డు పదహారు రెట్లు. పదో వంతు తగ్గినా చాలు, అడ్డు ఒకటిన్నర రెట్లు. నాళం వెంట్రుకవాసి బిగిస్తే ఒత్తిడి ఎంత మారుతుందో ఇందులో ఉంది. పెద్ద ధమనుల్లో సగటున 90, 95 దగ్గర ఉండే ఒత్తిడి ధమనికలు దాటేసరికి 30 దగ్గరికి, కేశనాళికల చివరికి 15 లోపుకి, గుండె కుడి కర్ణికకు చేరేసరికి దాదాపు సున్నాకు దిగుతుంది. కేశనాళికల గోడ ఒక్క కణం మందం. అంత పల్చని గోడకు ధమని ఒత్తిడి నేరుగా తగలకుండా కాపాడేది కూడా ఆ ధమనికలే.

సగటు ఒత్తిడిని రెండు అంకెలు కూడి రెండుతో భాగించి కట్టరు. విశ్రాంతిలో గుండె సడలి ఉండే సమయం బిగిసి ఉండే సమయం కంటే ఎక్కువ కాబట్టి సగటు కింది అంకె వైపు మొగ్గుతుంది. కింది అంకెకు, రెండింటి తేడాలో మూడో వంతు కలుపుతారు. 120/80కి అది 93. ఈ సగటు గురించి మళ్లీ ప్రస్తావించవలసి వస్తుంది, ఎందుకంటే ఇంటింటికీ చేరిన ఎలక్ట్రానిక్ మిషన్ అసలు పట్టుకునేది దాన్నే.

ఈ ఒత్తిడిని క్షణక్షణం సరిచూసే ఏర్పాటు శరీరంలోనే ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేసిన మనిషి లేచి నిలబడతాడు. ఆ ఒక్క కదలికతో అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి ఒత్తిడి పడబోతుంది. మెడలో దవడ కింద కరోటిడ్ ధమని చీలే చోట ఉబ్బుగా ఉండే భాగంలోనూ, బృహద్ధమని వంపులోనూ గోడ సాగుదలను పసిగట్టే నాడీ కొసలున్నాయి. గోడ సాగడం తగ్గిందన్న కబురు అక్కడి నుంచి మెదడు కాండానికి పోతుంది. తిరుగు కబురుతో గుండె వేగం పెరుగుతుంది, ధమనికలు బిగుస్తాయి, సిరలు ముడుచుకుంటాయి. ఇదంతా రెండు మూడు గుండె దెబ్బల్లోనే మొదలవుతుంది, లేచిన మనిషికి ఏమీ తెలియదు. వృద్ధాప్యంలోనో, చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలోనో, కొన్ని మందుల వల్లో ఈ కబురు ఆలస్యమైతే కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. నిలబడ్డ మూడు నిమిషాల లోపు పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే దాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలవడం పెద్దవయసు వారికి ఎంతో మేలు చేస్తుంది. రద్దీలో తరచు వదిలేసే పనీ అదే.

ఈ నాడుల కాపలాకు ఒక పరిమితి ఉంది. ఒత్తిడి రోజుల తరబడి ఎక్కువగా ఉంటే అవి ఆ ఎక్కువనే మామూలుగా ఎంచుకుని, దాని చుట్టూనే కాపలా కాస్తాయి. దీర్ఘకాలపు పగ్గం మూత్రపిండాల చేతిలో ఉంది. ఒత్తిడి పెరిగితే అవి ఉప్పునూ నీటినీ ఎక్కువగా బయటికి పంపుతాయి. రక్తం పరిమాణం తగ్గి ఒత్తిడి దిగుతుంది. ఒత్తిడి తగ్గితే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది యాంజియోటెన్సిన్ తయారయ్యే వరుసను కదిలిస్తుంది. యాంజియోటెన్సిన్ నాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరోన్ వదిలించి ఉప్పును ఒంట్లో నిలుపుతుంది. 1898లో స్వీడన్‌లో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాల రసంలో రెనిన్‌ను కనిపెట్టారు. మూడున్నర దశాబ్దాలు ఆ సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని చిన్న పట్టుతో ఇరుకు చేసి, వాటి రక్తపోటు పెరిగి నిలిచిపోతుందని చూపించాక అందరి చూపూ మూత్రపిండం వైపు తిరిగింది. ఇవాళ కోట్లమంది మింగే మాత్రల్లో చాలావాటికి లక్ష్యం ఈ వరుసలోని ఏదో ఒక మెట్టే.

ఉప్పుకు బీపీకి ఉన్న సంబంధం ఈ వరుసలోనే కనిపిస్తుంది. రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే చెంచాడు కంటే తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తెలుగువారి కంచంలో కూరలోని ఉప్పు ఒక భాగమే. ఆవకాయ, అప్పడం, వడియం, చల్లమిరపకాయ, మజ్జిగలో వేసుకునే ఉప్పు కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. కూరలో ఉప్పు తగ్గించామని చెప్పే ఇళ్లలో ఊరగాయ జాడీ సంగతి కూడా అడగడం మంచిది.

ఒత్తిడిని మొదట కొలిచింది వైద్యుడు కాదు. లండన్ దగ్గర టెడింగ్టన్ అనే ఊళ్లో చర్చి బాధ్యతలు చూసే స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు. చెట్లలో రసం ఎంత బలంతో పైకెక్కుతుందో కొలిచిన మనిషి, రక్తాన్ని కూడా అలాగే కొలవాలనుకున్నాడు. ఒక ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, తొడ దగ్గరి ధమనిలో సన్నని ఇత్తడి గొట్టం దూర్చి, దానికి తొమ్మిది అడుగుల గాజు గొట్టం నిలువుగా తగిలించాడు. ధమనికి వేసిన కట్టు విప్పగానే రక్తం గొట్టంలోకి ఎగబాకింది. గుండె మట్టానికి పైన 8 అడుగుల 3 అంగుళాల దాకా పోయింది. సగం ఎత్తు ఒక్క ఉదుటున ఎక్కి, మిగతా సగం గుండె దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెంగా ఎక్కడం హేల్స్ చూశాడు. శిఖరానికి చేరాక రక్తం అక్కడ కదలకుండా నిలవలేదు, ప్రతి నాడికీ కొన్ని అంగుళాలు లేచి పడుతూ ఉంది. రక్తపోటు ఒకే అంకె కాదని, ఊగుతూ ఉండేదని మనిషి కంటికి మొదటిసారి కనిపించింది ఆ గాజు గొట్టంలోనే. 1733లో ఆయన తన పుస్తకంలో దీన్ని వివరంగా రాశాడు. ఆ ఎత్తును ఇప్పటి లెక్కలోకి మారిస్తే 190 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉంటుంది. కట్టేసి ఉన్న, బాధలో ఉన్న జంతువు కొలత అది. ఆ గుర్రం ప్రాణం పోయేదాకా రక్తం తీస్తూ ఆయన కొలతలు రాసుకున్నాడు. ఆ పేజీలు చదివేవారికి మనసు కలుక్కుమనడం సహజం.

తొమ్మిది అడుగుల గొట్టంతో ఎవరూ వైద్యం చేయలేరు. 1828లో, గొట్టాల సూత్రం కనుక్కోవడానికి ముందే, పోయిజీ రక్తం బదులు యు ఆకారపు గొట్టంలో పాదరసాన్ని వాడి కొలిచే సాధనాన్ని అందరి చేతికీ అందే పరిమాణానికి కుదించాడు. మిల్లీమీటర్ల లెక్క అప్పటి నుంచీ వచ్చినదే. 1847లో కార్ల్ లూడ్విగ్ ఆ పాదరసం మీద తేలే బెండుకు ములుకు తగిలించి, తిరిగే డోలు మీద ఒత్తిడి గీతను గీయించాడు. 1856లో ఫ్రాన్స్‌లో ఫేవ్ర్ అనే వైద్యుడు, అవయవం తొలగించే శస్త్రచికిత్స సమయంలో మనిషి ధమనికే గొట్టం కలిపి కొలిచాడు. 120 చుట్టూ వచ్చింది. కానీ అన్నిటికీ ధమనిని కోయాల్సిందే. ఆపరేషన్ బల్ల మీద లేని మనిషి రక్తపోటు తెలుసుకునే మార్గం లేదు.

దారి చూపింది ఒక తేలికైన ఆలోచన. లోపలి ఒత్తిడిని నేరుగా పట్టుకోలేకపోతే బయటి నుంచి ఎదురు ఒత్తిడి పెట్టి, ధమని ఎప్పుడు లొంగుతుందో చూడాలి. బయటి ఒత్తిడి లోపలి ఒత్తిడిని మించిన క్షణాన నాళం మూసుకుని దాని కింద నాడి మాయమవుతుంది. ఇవాళ్టి కొలతల్లో సూది గుచ్చనివన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలిచి ఉన్నాయి. 1881లో శామ్యూల్ ఫన్ బాష్ నీళ్లు నింపిన చిన్న తిత్తిని మణికట్టు ధమని మీద నొక్కి ఇలా కొలిచాడు. 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో షిపియోనె రివా రోచి ఇంకొక అడుగు వేశాడు. మణికట్టు దగ్గర తిత్తితో నొక్కే బదులు, భుజం కింద చేతి చుట్టూ రబ్బరు తిత్తిని పట్టీలా కట్టి గాలి ఊదితే ధమని అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కుకుంటుంది. ఆయన సాధనంలో సైకిల్ ట్యూబు రబ్బరు, సిరాబుడ్డి, రాగి గొట్టం, కాస్త పాదరసం ఉన్నాయి. ఏ ఊళ్లోనైనా దొరికే వస్తువులతో దాన్ని తయారుచేశాడు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఇప్పటికీ రక్తపోటును 'ఆర్ ఆర్' అనే పొడి అక్షరాలతో రాస్తారు. అవి ఆయన పేరువే. 1901లో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పావియా ఆసుపత్రిలో ఈ పట్టీని చూసి బాల్టిమోర్‌కు తీసుకుపోయాడు. అదే ఏడు హైన్రిఖ్ ఫన్ రెక్లింగ్‌హౌజెన్, రివా రోచి పట్టీ మరీ సన్నగా ఉండటం వల్ల అంకె ఎక్కువ వస్తుందని గమనించి వెడల్పు పెంచాడు. పట్టీ కొలత చేతికి సరిపోవాలన్న పాఠం అంత పాతది.

రివా రోచి పద్ధతితో నాడి మాయమయ్యే చోటు, అంటే పై అంకె మాత్రమే తెలిసేది. కింది అంకెను చెవికి అందించింది నికొలాయ్ కొరొత్కోవ్. రష్యా జపాన్ యుద్ధంలో గాయపడిన సైనికుల తెగిన ధమనులకు వైద్యం చేసిన శస్త్రవైద్యుడాయన. కట్టేసిన ధమని అవతల రక్తం అందుతోందో లేదో తెలుసుకోవడానికి స్టెతస్కోపు పెట్టి వినే అలవాటు అక్కడ అబ్బింది. 1905 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైనిక వైద్య అకాడమీలో చదివిన, ఒక పేజీ కూడా నిండని ఆ నివేదికలో ఆయన చెప్పింది ఇదే: పట్టీ పూర్తిగా బిగించినప్పుడు మోచేతి మడత దగ్గర ఏ శబ్దమూ వినపడదు. గాలి మెల్లగా వదులుతూ పోతే మొదట టక్ టక్ మని స్పష్టమైన శబ్దం, తరవాత గాలి వీచినట్టు మర్మరం, మళ్లీ గట్టి చప్పుడు, పిదప అది మందగించడం, ఆఖరుకు నిశ్శబ్దం. మొదటి చప్పుడు పై అంకె, నిశ్శబ్దం మొదలైన చోటు కింది అంకె. నూట ఇరవై ఏళ్లు గడిచినా రోజూ లక్షల చెవులు వినేది ఆ శబ్దాలనే.

ఈ వరుస వెనక తర్కం సరళమే. ధమని పూర్తిగా మూసుకుంటే కదలికే లేదు, శబ్దమూ లేదు. పట్టీ ఒత్తిడి పై అంకెకు కాస్త కిందికి దిగగానే ప్రతి ఊపు శిఖరాన రక్తం ఆ ఇరుకు దారిని ఒక్క క్షణం తెరుచుకుని దూకుతుంది, గోడ కొట్టుకుంటుంది. పట్టీ ఒత్తిడి కింది అంకె కన్నా తగ్గాక నాళం మళ్లీ మూసుకోదు. రక్తం సాఫీగా, చప్పుడు లేకుండా పారుతుంది. పట్టీ లేని చేతి మీద స్టెతస్కోపు ఆనించినా ఏమీ వినపడనిది అందుకే.

సరైన కొలత ఎలా ఉంటుందో దగ్గరి నుంచి చూడాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, చుట్ట, సిగరెట్, మెట్లెక్కడం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. పట్టీ చర్మం మీదే కట్టాలి. చొక్కా చేతిని పైకి లాగి బిగిస్తే అదే ఇంకో పట్టీ అవుతుంది. పట్టీలోని రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో నూటికి ఎనభై వంతులు చుట్టి రావాలి. చేయి బల్ల మీద ఆనుకుని, పట్టీ గుండె మట్టంలో ఉండాలి. మొదట మణికట్టు నాడి పట్టుకుని గాలి కొడుతూ నాడి మాయమైన అంకె చూసి, దానికి 30 పైకి పోనిచ్చి, సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆపైన వాడాలి.

ఇందులో ఏ మెట్టు తప్పినా అంకె మారుతుంది. చేయి గుండె మట్టం కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ పది సెంటీమీటర్ల రక్తపు బరువు సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు అదనంగా చూపిస్తుంది. ఇది శరీరానికి సంబంధించిన చిక్కు కాదు, పచ్చి భౌతికశాస్త్రం. నిలబడ్డ మనిషి పాదం దగ్గరి ధమనిలో, గుండె దగ్గర ఉన్నదానికి దాదాపు 90 అదనంగా ఉండటం కూడా ఈ లెక్కే. లావు చేతికి మామూలు పట్టీ కడితే ఐదు మొదలు ఇరవై మిల్లీమీటర్ల దాకా ఎక్కువ రావచ్చు. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పైకే పోతుంది. నాడి పట్టి చూసే మెట్టు వదిలేస్తే మరో ప్రమాదం ఉంది. కొందరిలో మొదటి చప్పుళ్లు వినిపించి, మధ్యలో కొంతసేపు మాయమై, మళ్లీ మొదలవుతాయి. గాలి ఆ ఖాళీ దాకానే కొడితే 190 ఉన్న మనిషికి 150 అని రాసేస్తారు.

రద్దీగా ఉన్న ఆసుపత్రిలో ఇవన్నీ ఎలా కుదురుతాయని అడగవచ్చు. వరండాలో వంద మంది నిలబడి ఉంటారు, నర్సు ఒక్కతే ఉంటుంది. ఆటో దిగి మెట్లెక్కి వచ్చిన మనిషి చేతికి నిలబడ్డచోటే పట్టీ కట్టి, పేరూ ఊరూ అడుగుతూ గాలి కొట్టేస్తారు. అందులో నర్సు తప్పు కన్నా ఏర్పాటు తప్పే ఎక్కువ. కానీ ఆ అర నిమిషం కొలత చూసి జీవితాంతం మింగాల్సిన మాత్ర రాస్తారు. అందుకోసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టలేకపోవడం ఏ విధంగానూ సమర్థించదగ్గది కాదు. ఒక కుర్చీ, ఒక బల్ల, మూడు సైజుల పట్టీలు, 'ఇక్కడ మాట్లాడవద్దు' అన్న ఒక కాగితం ఉంటే సగం తప్పులు పోతాయి.

పాదరసపు మిషన్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి. కాబట్టి దానితో చూసిన అంకె సరిసంఖ్యే కావాలి. పాత చీటీల్లో మాత్రం 120, 130, 140 అని సున్నాలే బారులు తీరి ఉంటాయి. చెవికి వినిపించినదాన్ని కన్ను దగ్గరి సున్నాకు సర్దేస్తుంది. 138 ఉన్నవారు 140 అవుతారు, 142 ఉన్నవారూ 140 అవుతారు. మందు మొదలుపెట్టే గీత సరిగ్గా అక్కడే ఉండటంతో ఈ సర్దుబాటు చిన్నది కాదు.

ఎలక్ట్రానిక్ మిషన్‌కు ఆ పక్షపాతం లేదు. అది చప్పుడు వినదు. పట్టీలో గాలి దిగుతున్నప్పుడు ధమని కొట్టుకోవడం వల్ల ఆ గాలిలోనే పుట్టే చిన్న కంపనాలను పసిగడుతుంది. కంపనం బాగా పెద్దదైన చోటు సగటు ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. దాని నుంచి పై అంకెనూ కింది అంకెనూ తయారీదారు తన సూత్రంతో లెక్కగట్టి చూపిస్తాడు. 1970ల నుంచి ఆసుపత్రుల్లోకి వచ్చిన ఈ పద్ధతిలో రెండు కంపెనీల మిషన్లు ఒకే చేతికి కాస్త వేరు అంకెలు చూపడానికి కారణం ఇదే. పరీక్షించి ధ్రువీకరించిన మోడల్ కొనమని చెప్పేదీ అందుకే. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో కంపనాలు క్రమం తప్పుతాయి కాబట్టి పలుసార్లు కొలిచి సగటు చూడాలి. మణికట్టుకు కట్టే మిషన్ల కంటే భుజానికి కట్టేవే నమ్మదగ్గవి. పట్టీ లేకుండా చెబుతామనే చేతి గడియారాలను రోగ నిర్ధారణకు వాడవద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పాదరసం మాత్రం సెలవు తీసుకుంటోంది. గొట్టం పగిలి నేల మీద ముత్యాల్లా దొర్లే పాదరసం అందంగానే ఉంటుంది, దాని ఆవిరి విషం. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో ఈ మిషన్లూ ఉన్నాయి. భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో తెలంగాణ ఉంది. డిజిటల్ మిషన్, అందరికీ ఒకే మందుల వరుస, వ్యక్తి వ్యక్తికీ విడి రికార్డు దానికి పునాది.

కొలత చేతికొచ్చాకే మందుల మంచిచెడ్డలు తేలాయి. నిద్రకు, మతిచలనానికి ఈ దేశంలో ఎప్పటినుంచో వాడే సర్పగంధ వేరుకు రక్తపోటు తగ్గించే గుణం ఉందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల కొలతలు ముందూ వెనకా పెట్టి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక ప్రపంచం దాన్ని నమ్మింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1945 ఏప్రిల్ 12న, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ తల వెనక భరించలేని నొప్పి అంటూ కూలిపోయాడు. ఆ సమయంలో చూసిన పై అంకె 300 దాటి ఉంది, కింది అంకె 190. ఏడాది ముందే 186/108 అని నమోదైంది. ఉప్పు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. అంతకు మించి ఇవ్వదగ్గ మంచి మందు అప్పట్లో లేదు. ఆ రోజు అంత పెద్ద దేశాధినేతకు దొరకనిది ఇవాళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది.

ఆసుపత్రిలో 140/90, ఆపైన, వేరువేరు రోజుల్లో పలుసార్లు వస్తే అధిక రక్తపోటు అంటారు. అమెరికా సంఘాలు 2017లో ఆ గీతను 130/80కి దించాయి. తెల్లకోటు చూడగానే పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండే బీపీ కొందరికి ఉంటుంది. ఆసుపత్రిలో మామూలుగా ఉండి, ఇంట్లో, పనిలో పెరిగేది మరికొందరికి ఉంటుంది. ఈ రెండో రకం ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. నడుముకు చిన్న మిషన్ కట్టి ఇరవై నాలుగు గంటలూ కొలిస్తే రెండూ బయటపడతాయి. నిద్రలో రక్తపోటు మామూలుగా పది నుంచి ఇరవై శాతం తగ్గాలి. ఎవరిలో తగ్గదో కూడా ఆ మిషనే చెబుతుంది. దాని మొత్తం సగటుకు గీత 130/80.

ఇంట్లో చూసుకునేవారికి గీత 135/85. ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక, మాత్ర వేసుకోకముందు, టిఫిన్‌కు ముందు రెండుసార్లు. రాత్రి పడుకునే ముందు రెండుసార్లు. నిమిషం ఎడంతో చూసి, వచ్చిన అంకెను వచ్చినట్టే కాగితం మీద రాయాలి. ఇలా ఏడు రోజులు రాసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతా ఆరు రోజుల సగటు కట్టి వైద్యుడికి చూపించాలి.